మన వంతు వచ్చినప్పుడు

పెద్ద ఊరికి కొత్తగా వచ్చిన పిల్లల్ని భయపెట్టేవి ఇంటర్వ్యూలు, ఇంగ్లీషు, హాస్టల్ వార్డెన్లు అనుకుంటాం. వాళ్లతో కాస్త చనువుగా కూర్చుని మాట్లాడితే ఇంకో జాబితా బయటపడుతుంది. ఎస్కలేటర్ మీద వేసే మొదటి అడుగు, మెట్రో స్టేషన్‌లో టికెట్ గేటు, బ్యాంకులో టోకెన్ మిషన్, కాఫీ షాపు కౌంటర్. వీటి గురించి ముందుగా ఎవరూ చెప్పరు. ఇంత చిన్న విషయం అడిగితే నవ్వుతారేమోనని ఎవరినీ అడగబుద్ధి కాదు. అందుకే ఈ అధ్యాయం మొత్తం ఆ కాఫీ షాపు కౌంటర్‌కే కేటాయిస్తున్నాను. ఐదు నిమిషాల పనికి ఒక అధ్యాయమా అనుకోకండి. ఆ ఐదు నిమిషాల్లో తగ్గిన గొంతు తర్వాత చాలాచోట్ల తగ్గే ఉంటుంది.

చదువుకో ఉద్యోగానికో ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ నుంచి విశాఖపట్నం, హైదరాబాద్, రాయ్‌పూర్ వెళ్లే తెలుగు పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. కిరందుల్, బచేలీ గనుల కాలనీల్లో పుట్టినవాళ్లు, కుంట, భోపాల్‌పట్నం వైపు నుంచి వచ్చినవాళ్లు, జగదల్‌పూర్‌లో ఏనాడో స్థిరపడిన కుటుంబాలవాళ్లు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సంతలో హల్బీయో గోండీయో మాట్లాడి పెరిగినవాళ్లు. ఇన్ని భాషల్లో పని జరుపుకోగలిగిన పిల్లలు ఒక కాఫీ పేరు పలకడానికి జంకుతున్నారంటే లోపం వాళ్ల తెలివిలో లేదు. అదెక్కడుందో వెతకాలి.

కిరందుల్ అమ్మాయి ఒకరు చెప్పిన సంగతి ఇది. విశాఖలో కాలేజీలో చేరిన కొత్తలో స్నేహితురాళ్లతో కాఫీ షాపుకు వెళ్లింది. వెనక పది మంది ఉన్నారు. తన వంతు వచ్చేసరికి పైనున్న బోర్డు మీది అక్షరాలన్నీ ఒకేలా కనిపించాయట. కౌంటర్ దగ్గర అబ్బాయి "చెప్పండి మేడమ్" అన్నాడు. వెనకెవరో గట్టిగా నిట్టూర్చారు. "ఏదో ఒకటి ఇవ్వండి" అనేసింది. పాలు లేని, పంచదార లేని నల్లటి ఎస్ప్రెస్సో చిన్న కప్పులో వచ్చింది. అది చేదుగా ఉందని చెప్పలేక మొత్తం తాగింది. తర్వాత రెండేళ్లు స్నేహితురాళ్లు ఏది చెబితే తనూ అదే చెబుతూ వచ్చింది. డబ్బులు తనవి, నోరు తనది, ఎంపిక మాత్రం ఇంకొకరిది.

"ఏదో ఒకటి." మనం మానుకోవాల్సింది ఈ మాటను. ఇంట్లో అమ్మ అడిగినప్పుడు అది మర్యాదే. కౌంటర్ దగ్గర ఆ మాటంటే నిర్ణయం అవతలివాళ్ల చేతికి వెళ్లిపోతుంది. వాళ్లకేమో మన నాలుక సంగతి తెలియదు.

అసలు జంకు ఎందుకు పుడుతుందో చూద్దాం. మనకు అలవాటైన హోటల్లో కూర్చుంటే సర్వర్ వస్తాడు, మంచినీళ్లు పెడతాడు, ఉన్నవన్నీ గడగడా చదువుతాడు. రాయ్‌పూర్, భిలాయిల్లోని ఇండియన్ కాఫీ హౌస్‌లో తలపాగా పెట్టుకున్న సర్వర్ మన బల్ల దగ్గరికే వస్తాడు. కాఫీ బోర్డు తన కాఫీ హౌస్‌లను మూసేస్తుంటే అక్కడి కార్మికులు 1950లలో సహకార సంఘాలు పెట్టుకుని నిలబెట్టుకున్న సంస్థ అది. అక్కడ ఎంతసేపు కూర్చున్నా ఎవరూ లెమ్మనరన్న పేరు దానికుంది. టేక్‌అవే షాపులో ఆ సర్వర్ లేడు. అతని పనిని సగం గోడ మీది బోర్డుకు, సగం మనకు పంచిపెట్టారు. ఏమేం ఉన్నాయో చదువుకోవడం, ఆర్డర్ వివరంగా చెప్పడం, డబ్బు ముందే కట్టడం, పక్కకు జరిగి కప్పు తెచ్చుకోవడం, అన్నీ మన పనులే. ఎవరూ నేర్పకుండా అప్పగించిన పని దగ్గర ఎవరైనా తడబడతారు. ఇది పుట్టుకకూ, ఊరికీ, ఇంగ్లీషుకూ సంబంధించిన సంగతి కాదు. నేర్చుకుంటే వచ్చేస్తుంది.

హైదరాబాద్‌లో ఆఫీసులున్న పేటలో, పొద్దున తొమ్మిదిన్నర వేళ అలాంటి షాపులోకి వెళ్లి ఒక పక్కన నిలబడి చూడండి. ఏమీ కొనకుండా కాసేపు చూడటం తప్పేమీ కాదు. అక్కడ మూడు చోట్లున్నాయి. మొదటిది బిల్లు కొట్టే చోటు. రెండోది యంత్రం. మూడోది కప్పులు పెట్టే బల్ల. కొత్తవాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడేది మొదటిచోట డబ్బు కట్టేసి అక్కడే నిలబడిపోవడంతో. డబ్బు కట్టగానే మూడో చోటుకు జరగాలి. బిల్లు మీద నంబరు ఉంటుంది, లేదా మన పేరడుగుతారు. పేరు కాస్త నిదానంగా, విడివిడిగా చెప్పండి. కప్పు మీద తప్పుగా రాసినా ఫరవాలేదు, పిలిచినప్పుడు గుర్తుపడితే చాలు.

ఇప్పుడు యంత్రం దగ్గరున్న మనిషి చేతుల్ని గమనించండి. పాత పొడిని టకటకా కొట్టి పారేస్తాడు. కొత్త గింజలు మరలో ఆడించి, పొడిని పిడి ఉన్న జల్లెడ గిన్నెలోకి దించి, పైనుంచి అదిమి, యంత్రానికి బిగిస్తాడు. ఒక షాట్, అంటే ఒక మోతాదు కాఫీ, దిగడానికి 25 నుంచి 30 సెకన్లు పడుతుంది. తొందరగా దిగితే పులుపు, ఆలస్యమైతే చేదు. ఆ లోపల పక్కన ఆవిరి గొట్టం కింద పాల జగ్గు పెడతాడు. మొదట చిరచిరమంటుంది, తర్వాత ఆ చప్పుడు మందగిస్తుంది. అరచెయ్యి జగ్గుకు ఆనించి వేడి చూసుకుంటాడు. పాలు 60, 65 డిగ్రీలు దాటితే వాటి తీపి పోతుంది. ఆ జగ్గును ఒకసారి బల్లకు కొట్టి, కప్పును వంచి పాలు పోస్తాడు, మూత నొక్కుతాడు, పేరు పిలుస్తాడు.

ఇదంతా ఎందుకు చూడమంటున్నానంటే, లైను వేగం తేల్చేది ఆ యంత్రమే. కౌంటర్ దగ్గర ఎంత చకచకా బిల్లులు కొట్టినా కప్పులు యంత్రం వేగంతోనే వస్తాయి. మీరు "ఇందులో పాలుంటాయా?" అని అడగడానికి పట్టే ఐదు సెకన్ల వల్ల వెనకున్నవాళ్లకు ఒక్క కప్పు కూడా ఆలస్యం కాదు. వెనక వినిపించే నిట్టూర్పు ఆ మనిషి ఆఫీసు గురించి, ట్రాఫిక్ గురించి. మీ గురించి కానే కాదు.

లైను నిజంగా ఆగేది వేరే కారణాలకు. ఫోను సంచి అడుగున ఉంటుంది, లాక్ తెరవాలి, యూపీఐ పిన్ గుర్తు రాదు, నెట్ తిరుగుతూ ఉంటుంది. కాబట్టి వంతుకు ముందే ఫోను చేతిలో ఉండాలి, లేదా డబ్బు చేతిలో ఉండాలి. మన వైపు నెట్ ఎప్పుడు పోతుందో తెలియక జేబులో నోట్లు పెట్టుకునే అలవాటు ఉందిగా, నగరంలోనూ దాన్ని మానుకోవద్దు.

ఇక బోర్డు. ఇరవై ముప్పై పేర్లు కనిపిస్తాయి గానీ వాటిలో ఎక్కువ భాగం రెండే వస్తువుల ఆట: ఎస్ప్రెస్సో, పాలు. ఎస్ప్రెస్సో అంటే ఒత్తిడితో వేడినీళ్లు పంపి దించిన చిక్కటి కాఫీ, రెండు గుక్కలు. దాంట్లో వేడినీళ్లు కలిపితే అమెరికానో. ఆవిరి పట్టిన పాలు ఎక్కువగా పోస్తే లాటే. పాలు తగ్గి నురగ పెరిగితే కాపుచీనో. చాక్లెట్ కలిస్తే మోకా. పొడిని చల్లటి నీళ్లలో గంటల తరబడి, తరచు ఒక రాత్రంతా నానబెట్టి వడగట్టింది కోల్డ్ బ్రూ. ఇంట్లో పాలు, పంచదార దండిగా వేసిన కాఫీ తాగి పెరిగిన నాలుకకు లాటే దగ్గరగా ఉంటుంది. పంచదార మాత్రం వాళ్లు వెయ్యరు. పక్కన పొట్లాలు పెట్టి ఉంటాయి, అడిగితే ఇస్తారు. ఫిల్టర్ కాఫీ ఉంటే అది మన డికాషన్ కాఫీయే, అందులో తరచు చికోరీ కలుస్తుంది. అది పడనివాళ్లు ముందే అడగాలి.

ఆర్డర్ చెప్పడానికి ఒక వరస పెట్టుకోండి. ఏమిటి, ఎన్ని, ఏ సైజు, ఏం మార్పు, అక్కడే తాగడమా పార్సిలా. "లాటే ఒకటి, చిన్నది, పంచదార వేరుగా, పార్సిల్." అంతే. ఈ వాక్యాన్ని లైనులో ఉండగానే లోలోపల ఒకసారి అనుకోండి. వంతు వచ్చాక తల పైకెత్తి, ఎదుటివాళ్ల కళ్లలోకి చూసి చెప్పండి. యంత్రం చప్పుడు, పాటల చప్పుడు ఉంటాయి కాబట్టి గొంతు కాస్త పెంచాలి. బోర్డు మీది పేరు ఎలా పలకాలో తెలియకపోతే వేలు పెట్టి చూపించి "ఇది ఒకటి" అనండి. ఇటాలియన్ పేర్లను సరిగా పలకలేని ఇంగ్లీషువాళ్లు లక్షల్లో ఉన్నారు. విశాఖలోనూ హైదరాబాద్‌లోనూ తెలుగులోనే చెప్పండి. అవతలివారికి రాకపోతే హిందీ మీకు ఎలాగూ వచ్చు. ఇంగ్లీషులో మొదలుపెట్టి మధ్యలో చిక్కుకోవడం కంటే ఇదే మేలు. హైదరాబాద్‌లో "అన్నా", "అక్కా" అనండి. రాయ్‌పూర్, జగదల్‌పూర్‌లలో "భయ్యా", "దీదీ" అనండి. ఆ పిలుపు మీ గొంతును మీకే మామూలు చేస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం, తెలియనిది అడగడం. అడగడంలో బస్తర్ పిల్లలకు ఒకరు నేర్పాల్సింది లేదు. వారం వారం జరిగే సంతలో మీరేం చేస్తారో గుర్తు తెచ్చుకోండి. ఆకు దొన్నెలో లాందా, అంటే బియ్యపు కల్లు, పోసే అమ్మ ముందు గొంతుక్కూర్చుని, ముందు కాస్త రుచి చూసి, పులిసిందా లేదా అని అడిగి, అప్పుడు గదా కావాలంటారు. చాప్‌డా ఎర్రచీమల పచ్చడి ఆ పొద్దున నూరిందేనా, చింతపండు ఈ ఏటిదా పోయినేటిదా, ఇప్పపువ్వు బాగా ఎండిందా అని కూపీ లాగుతారు. ఎవరైనా నవ్వుతారా? కొనేవాడు అడగకపోతేనే సంతలో అనుమానంగా చూస్తారు. అదే నోరు అద్దాల తలుపు దాటేసరికి ఎందుకు మూతపడాలి? "కాస్త తీపిగా ఉండేది ఏముంది?", "చేదు తక్కువగా ఉండేది చెప్పండి", "ఈ రెండిట్లో మీరైతే ఏది తాగుతారు?" ఈ మూడు ప్రశ్నలూ సంతలో అడిగేవే. ముఖ్యంగా మూడోది అడిగి చూడండి, కౌంటర్ వెనక మనిషి ముఖంలో మార్పు వస్తుంది. రోజంతా ఆర్డర్లు వినేవాళ్లను వాళ్ల అభిప్రాయం అడిగేవాళ్లు తక్కువ.

ఆ కౌంటర్ వెనక ఉన్నవాళ్ల సంగతి కూడా చెప్పాలి. 2025 నవంబరులో జగదల్‌పూర్‌లో పండుమ్ కేఫ్ మొదలైంది. ముఖ్యమంత్రి విష్ణుదేవ్ సాయ్ ప్రారంభించారు. అక్కడ పనిచేసేది ఆయుధాలు వదిలి లొంగిపోయిన యువతీయువకులు, మావోయిస్టు హింసలో నష్టపోయిన కుటుంబాలవాళ్లు. ఒకప్పుడు ఎదురెదురు పక్షాల్లో ఉండాల్సి వచ్చినవాళ్లు ఒకే బల్ల వెనక నిలబడి కాఫీ అందిస్తారు. కేఫ్ తెరవక ముందు వాళ్లకు కేఫ్ నిర్వహణ, ఆహార భద్రత, వచ్చినవాళ్లతో ఎలా మాట్లాడాలి అన్నవాటిలో శిక్షణ ఇచ్చారు. అడవిలో ఏళ్లు గడిపిన మనిషి "మీకేం కావాలి?" అని ఒక అపరిచితుణ్ణి అడగడం నేర్చుకున్నాడు. దానిముందు మనం "నాకిది కావాలి" అని చెప్పడం ఎంత పని? ఆ కేఫ్ వెనకున్న రాజకీయాలు, లొంగుబాట్ల మీద వాదోపవాదాలు ఈ పుస్తకానికి సంబంధించినవి కావు. కౌంటర్‌కు అటువైపు ఉన్నవాళ్లకూ ఇది ఒకనాడు కొత్తేనని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు కనబడలేదు.

ఇంకో మాట. కాఫీ మనది కాదు, పట్నంవాళ్లది అన్న భావం మనసు మూలలో ఉంటుంది. బస్తర్‌వాళ్లకు ఆ భావం అసలు కుదరదు. కుంట నుంచి జగదల్‌పూర్‌కు 30వ నంబరు జాతీయ రహదారి మీద బస్సులో వస్తుంటే సుక్మా, తోంగ్‌పాల్, ఝీరం ఘాట్ దాటాక దర్భా వస్తుంది. 2017లో జగదల్‌పూర్ ఉద్యాన కళాశాల శాస్త్రవేత్తలు దర్భాలో 20 ఎకరాల్లో కాఫీ మొక్కలు నాటారు. ఈ పీఠభూమి ఎత్తు, నీడ, వాన సరిపోతాయా లేదా చూడటానికి చేసిన ప్రయోగం అది. సరిపోయాయి. ఆ గింజలతో ‘బస్తర్ కాఫీ’ పేరుతో పొట్లాలు వచ్చాయి, జగదల్‌పూర్‌లో బస్తర్ కేఫ్ వచ్చింది. కిరందుల్ నుంచి విశాఖ వెళ్లే రైలెక్కితే జగదల్‌పూర్ తర్వాత కోరాపుట్, ఆ తర్వాత అరకు. మూడూ కాఫీ సీమలే. అరకులో ఆదివాసీ రైతులు పండించిన కాఫీకి 2017లో పారిస్‌లో సొంత దుకాణం తెరిచారు. 2019లో అరకు వేలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. నగరంలో మనల్ని బెదరగొట్టే ఆ బోర్డు మీద ‘అరకు’ అన్న పేరు చాలాచోట్ల కనిపిస్తుంది. ఆ పేరున్న స్టేషన్‌లో మన రైలు ఆగుతుంది.

కాఫీ పండ్లు కొమ్మ మీద అన్నీ ఒకేసారి పండవు. ఎర్రగా మారినవాటిని చేత్తో ఏరాలి, పచ్చివి వదిలి మళ్లీ రావాలి. తోలు తీసి, జిగురు పోయేదాకా కడిగి, ఎండలో తిప్పుతూ ఆరబెట్టాలి. సుమారు ఆరు కిలోల పండ్లకు ఒక కిలో గింజలు మిగులుతాయి. వేయిస్తే దాంట్లోనూ ఆరో వంతు దాకా తరిగిపోతుంది. ఒక ఎస్ప్రెస్సో షాట్‌కు దాదాపు 60, 70 గింజలు కావాలి. పండుకు రెండేసి గింజలు లెక్కేసినా 30కి పైగా పండ్లు ఏరిన చెయ్యి ఆ రెండు గుక్కల వెనక ఉంది. ఇప్పపువ్వు ఏరిన చేతులకు, తునికాకు కట్టలు కట్టిన చేతులకు ఈ శ్రమ ఎలాంటిదో విడమరిచి చెప్పనక్కర్లేదు. షాపులో రద్దీ తగ్గిన వేళ, మధ్యాహ్నం మూడింటప్పుడు వెళ్లి "ఈ గింజలు ఎక్కడివి?" అని అడగండి. తెలిసిన మనిషైతే సంతోషంగా చెబుతాడు. తెలియకపోతే పొట్లం తిప్పి చూస్తాడు. దర్భాలోనూ పండుతుందని అప్పుడు మీరు చెప్పండి.

బిల్లు చేతికి రాగానే చదవండి. బోర్డు మీది ధరకు జీఎస్టీ కలుస్తుంది, మామూలుగా 5 శాతం. ‘సర్వీస్ ఛార్జ్’ అని వేరే వరస ఉంటే తీసెయ్యమని అడగొచ్చు. హోటళ్లు దాన్ని తమంతట తాము బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. అడిగినా తీయకపోతే 1915కు ఫోన్ చెయ్యొచ్చు. ఇది కొట్లాట కాదు. "ఇది నేను కట్టక్కర్లేదండీ, తీసెయ్యండి" అని మామూలు గొంతుతో అంటే చాలాచోట్ల అక్కడితో అయిపోతుంది.

తప్పుడు కాఫీ వచ్చిందనుకోండి. ఒక గుక్క తాగగానే చెప్పాలి, సగం తాగాక కాదు. బిల్లు చూపించి "నేను లాటే చెప్పాను, ఇది వేరేలా ఉంది, ఒకసారి చూస్తారా?" అనండి. మార్చి ఇస్తారు. అలా మార్చి ఇచ్చిన మనిషికి థాంక్స్ చెప్పడం మర్చిపోవద్దు. పొరపాటు మీదే అయితే, అంటే మీరు చెప్పిందే వచ్చి అది మీకు నచ్చకపోతే, కాస్త పంచదారో వేడి పాలో అడగండి. అయినా తాగలేకపోతే వదిలెయ్యండి. చేదుగా ఉన్నదాన్ని పరువు కోసం చివరిదాకా తాగక్కర్లేదు.

పార్సిల్ కప్పు విషయంలో ఒక జాగ్రత్త. కాగితం కప్పు లోపల పలచటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2020లో పరీక్షించి చూస్తే, 100 మిల్లీలీటర్ల వేడి ద్రవం అలాంటి కప్పులో 15 నిమిషాలు ఉంటే దాదాపు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు అందులో కలిశాయి. కాఫీని గంటసేపు కప్పులోనే ఉంచి కొద్దికొద్దిగా తాగే అలవాటు మంచిది కాదు. సంచిలో మూతున్న చిన్న స్టీలు గ్లాసు పెట్టుకోండి, ఇందులో పొయ్యండని అడగండి. కొన్నిచోట్ల పోస్తారు, కొన్నిచోట్ల కుదరదంటారు. కుదరదంటే ఆఫీసుకో గదికో చేరగానే గ్లాసులోకి వంచుకోండి.

ఇదంతా చదివి ఊరుకుంటే లాభం లేదు. ఊరు వదలకముందే జగదల్‌పూర్‌లో ఏదో ఒక కాఫీ షాపుకు సాయంత్రం జనం ఎక్కువగా ఉండే వేళ వెళ్లి, పైన చెప్పిన వరసలో ఆర్డర్ చెప్పి, ఒక ప్రశ్న అడిగి రండి. ఒక్కరే వెళ్లండి, స్నేహితుల మధ్య ఉంటే మళ్లీ వాళ్లు చెప్పిందే చెబుతారు.

తర్వాత సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు అమ్మనో నాన్ననో అదే షాపుకు తీసుకెళ్లండి. బోర్డు మీద ఉన్నవాటిని వాళ్లకు తెలుగులో చదివి చెప్పండి, ఏది ఎలా ఉంటుందో చెప్పండి, అక్కడితో ఆగండి. ఆర్డర్ మీరు చెప్పేయకండి. వాళ్లు తడబడినా, ఒకటికి రెండుసార్లు అడిగినా మధ్యలో అందుకోవద్దు. ధర చూసి "ఇంతా? వద్దులే, నువ్వు తాగు" అంటారు. అప్పుడు మాత్రం అన్నిటికంటే చిన్న కప్పు చూపించి, అందులో ఏది కావాలో కౌంటర్ దగ్గర మీరే చెప్పండమ్మా అనండి.